అడిగి ఊరుకోవడమే మా ఉద్యోగం

నేను రిటైరైన స్పీచ్ థెరపిస్టుని. మాట రాని పిల్లలు, వచ్చీ రాని పిల్లలు, మాటలు బోలెడు వచ్చినా వాటితో ఎదుటి మనిషిని ఎలా పలకరించాలో తెలియని పిల్లలు, ఇలాంటివాళ్ళ పక్కన కూర్చునే పని చేసి పోయినేడాది ఇంటికి వచ్చాను. బెంగళూరు కాటన్‌పేటలో మా వీధివాళ్ళకు ఈ సంగతి చెబితే ముందు నా మొహం చూస్తారు, తర్వాత నవ్వుతారు. ఎందుకంటే మా వీధిలో నాకంటే ఎక్కువ మాట్లాడే మనిషి లేడు. చిన్నప్పుడు మా ఇంట్లో నా పేరు వసపిట్ట. మా అమ్మ వసకొమ్ము అరగదీసి నా నాలుకకు రాసేటప్పుడు చెయ్యి జారిందని మా మేనత్త ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. నా భార్య అయితే పెళ్ళైన కొత్తలోనే తేల్చేసింది. "మీ దగ్గరికొచ్చే పిల్లోళ్ళకు మాటలు రాక కాదు, మీరు సందిస్తే కదా" అంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ నన్ను వెతుక్కుంటూ వస్తారు. కాఫీ తాగి, చేతిలో ఫోను సర్దుకుని, "సార్, పిల్లల చేత మాట్లాడించడం ఎలా?" అని అడుగుతారు. మనం నోరు మూసుకోవడం ఎలా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. వాళ్ళు అడగనిదాన్ని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించీ రిపోర్టుల గురించీ రాయను. అవి ఎలాగూ మీ మెడకు చుట్టుకుంటాయి, నా సాయం అక్కర్లేదు.

పెద్ద మేడం, ఒక గ్లాసు నీళ్ళు

యశవంతపురం దగ్గర మా సెంటరు. దాన్ని నడిపే ఆవిడను అందరం పెద్ద మేడం అనేవాళ్ళం. మనిషి పొట్టి, కోపం పొడుగు. మాది తెలుగిల్లని తెలిసినా నాతో కన్నడమే మాట్లాడేది, తిట్టేటప్పుడు మాత్రం ఇంగ్లీషు.

చేరిన కొత్తల్లో నాకు నాలుగేళ్ళ బాబునొకణ్ణి అప్పగించారు. ఆటిజం. ఎవరి వైపూ చూడడు, చెక్క దిమ్మెలు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోతాడు. నేను పక్కన కూర్చుని మొదలుపెట్టాను. "ఇదేంటి? దిమ్మె! ఏం రంగు? ఎరుపు! ఇదో? పసుపు! రైలు చేస్తున్నావా? కూ చుక్ చుక్! ఎక్కడికి పోతుంది రైలు? మైసూరుకా?" ప్రశ్న నాదే, జవాబు నాదే, మెచ్చుకోలు కూడా నాదే. గంట అయ్యేసరికి గొంతు ఎండిపోయింది. చాలా కష్టపడ్డానని సంతోషపడుతూ బయటికి వచ్చాను.

పెద్ద మేడం తలుపుకున్న అద్దంలోంచి అంతా చూసిందట. "ఈరోజు థెరపీ బాగా జరిగింది. నీకు. ఆ బాబు పాపం నీకు తోడు కూర్చున్నాడు" అంది.

మర్నాడు నేను గదిలోకి పోతుంటే చేతికి గ్లాసుడు నీళ్ళు ఇచ్చింది. ఒక గుక్క నోట్లో పోసుకోవాలి, మింగకూడదు, బాబు నన్ను ఏదైనా అడిగేదాకా అలాగే కూర్చోవాలి. ఎక్కడా వినని పద్ధతి. కొత్త ఉద్యోగం కాబట్టి బుగ్గలు పూరించుకుని కూర్చున్నాను.

ఆ గదిలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. బాబు కొంతసేపు దిమ్మెలు పేర్చాడు. తర్వాత చెయ్యి ఆగింది. నిన్నటి గోల ఈరోజు ఏమైందా అన్నట్టు తల తిప్పి మొదటిసారి నన్ను చూశాడు. లేచి వచ్చాడు. ఉబ్బిన నా బుగ్గను వేలితో ఒక్క పోటు పొడిచాడు. సరిగ్గా అప్పుడే పెద్ద మేడం తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. నోట్లో నీళ్ళన్నీ ఎగిరి ఆవిడ చీర మీద పడ్డాయి. బాబు పకపకా నవ్వాడు. గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టి, నా మొహంలోకి చూస్తూ "ఊఁ" అన్నాడు.

మళ్ళీ చెయ్యి అని అడగడం అది. వాడు ఒక మనిషిని చూసి ఒక పని అడగడం అదే మొదలు. పెద్ద మేడం చీర పిండుకుంటూ "ఇప్పుడు తెలిసిందా?" అంది. తెలిసింది. కొంతమంది పిల్లలకు మన మాట చెవిన పడ్డాక లోపలికి పోయి, జవాబు తయారై బయటికి రావడానికి టైము పడుతుంది. అది తయారయ్యేలోగా మనం ఇంకో ప్రశ్న పడేస్తే పాత జవాబు కొట్టుకుపోతుంది. అందుకని అడగాలి, ఊరుకోవాలి. వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత కష్టం. నాకైతే సగం జీవితం పట్టింది.

ఆవిడ చెప్పినవన్నీ వేదమని నేను అనను. తల్లిదండ్రుల మీద కేకలు వేసేది, అది నాకు నచ్చేది కాదు. ఇంట్లో ఒకే భాష మాట్లాడాలని కూడా చాలాకాలం పట్టుబట్టింది. ఆ రోజుల్లో అందరూ అలాగే అనేవారు. ఈ ఊళ్ళో ఒక్కో ఇంట్లో వంటింటికి ఒక భాష, హాలుకు ఒక భాష ఉంటాయి. అందులో ఒకటి ఉంచుకుని మిగతావి మానేయండి అంటే ఇంట్లో సగం మంది నోళ్ళు మూతపడతాయి. పిల్లకు మాటలు వినిపించాలని బయలుదేరి ఇంట్లో మాటలే లేకుండా చేసేవాళ్ళం. తర్వాత ఆవిడే ఆ మాట వెనక్కి తీసుకుంది. కానీ బయట స్కూళ్ళలో ఆ సలహా ఇంకా బతికే ఉంది. నంజమ్మగారు నా దగ్గరికి రావడానికి ఒక రకంగా అదే కారణం.

నంజమ్మగారి ఇంగ్లీషు

నంజమ్మగారిది దొడ్డబళ్ళాపురం. ఇంటి వెనకే మగ్గాల షెడ్డు, ఇద్దరు కొడుకులు పట్టు నేయిస్తారు. భర్త పోయాక ఇంటి పెత్తనం ఆవిడదే. పెద్ద కొడుకు కూతురు మోక్ష, అప్పటికి ఐదేళ్ళది. ఆటిజం అని డాక్టర్లు చెప్పారు. ఒక్క మాట లేదు. ఏదైనా ఇబ్బందైతే అరుస్తుంది, తన చెయ్యి తనే కొరుక్కుంటుంది. కుడి చేతి మణికట్టు మీద కొరికి కొరికి నల్లగా కాయ కాసిపోయింది.

పొద్దున రైలుకు మోక్షను తీసుకుని తల్లి సుమా, నానమ్మ నంజమ్మగారూ వచ్చారు. మొదటిరోజు గదిలోకి రాగానే నంజమ్మగారు కొంగు సర్దుకుని, "మోక్షా, కం. సిట్. గుడ్ గర్ల్. వాటర్?" అన్నారు. ఇంకేమైనా అంటారేమోనని చూశాను. ఆవిడ నా వైపు తిరిగి గొంతు తగ్గించారు.

"ఏమప్పా, నీకు తెలుగొస్తాదా?"

"వస్తాదమ్మా. మాది తెలుగిల్లే."

"బతికిపోతిని. నాకొచ్చిండే ఇంగ్లీషు అయిపోయింది. ఆ స్కూలు మిస్సు ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడాల అనింది. ఇంట్లో ఎవరికొస్తాది? నా కొడుకులు మగ్గాల కాడ పడుకుంటాండారు, ఇంట్లోకొస్తే ఇంగ్లీషు మాట్లాడాలని."

మీ ఇంటి మాటలే మాట్లాడండి, తెలుగైనా కన్నడమైనా మీకు ఏది వస్తే అదే బిడ్డకు మంచిది అని చెప్పాను. ఆ తర్వాత మధ్యాహ్నం భోజనాల దాకా ఆవిడ ఆగలేదు. మగ్గాలు, మనవరాలి పుట్టుక, దొడ్డబళ్ళాపురం నీళ్ళు, సుమ పుట్టింటివాళ్ళ పిసినారితనం, అన్నీ వచ్చాయి. సుమ తల వంచుకుని విన్నది. నేను మధ్యలో ఒక్క మాట కలుపుదామని ఎంత చూసినా సందు దొరకలేదు. నా భార్య పడే బాధ నాకు ఆరోజు అర్థమైంది.

మాటలు ఎక్కువ కావడం ఒక్కటే అయితే సర్దుకునేదే. ఆ ఇంటి పద్ధతి ఇంకొకటి ఉంది. ఆ ఇంట్లో పిల్ల ఏదీ అడగకూడదు. అడగాల్సి వచ్చిందంటే పెద్దవాళ్ళకు తలవంపు. మోక్ష నీళ్ళ వైపు చూడకముందే నీళ్ళు వచ్చేవి. చెప్పు వైపు కాలు కదిపితే చెప్పు కాలికి ఉండేది.

"మా ఇంట్లో బిడ్డ నోరు తెరిచి అడగాల్సిన గతి లేదప్పా" అని నంజమ్మగారు గర్వంగా అన్నారు. నిజమే, అందుకే ఆ పిల్ల అడగడం నేర్వలేదు.

ఒక పని చెప్పాను. మోక్షకు ఇష్టమైన చక్కిలాలు గట్టి మూత ఉన్న గాజు సీసాలో పెట్టాలి. కనబడాలి, తనకు తెరవరాకూడదు. అప్పుడు ఎవరినో ఒకరిని అడిగి తీరాలి. నేను ఈ మాట పూర్తి చేసేలోగా నంజమ్మగారు మూత తీసి చక్కిలం మోక్ష చేతిలో పెట్టేశారు. మళ్ళీ పెట్టాం, మళ్ళీ తీశారు. "బిడ్డ చూస్తాండాది కదప్పా! చూస్తాంటే పెట్టకుండా ఎట్ల ఉండేది?"

ఆవిడకు ఆకువక్క అలవాటు. నోటినిండా వేసుకున్నప్పుడు మాత్రం మాట్లాడరు, తలాడిస్తారు. అది కనిపెట్టి, "అమ్మా, పాప దగ్గర కూర్చునేముందు ఆకువక్క వేసుకోండి" అన్నాను.

"ఇదేం మందప్పా? ఏ డాక్టరూ చెప్పలేదే!" అంటూ సంబరంగా సంచి విప్పారు.

నోరు కట్టుబడింది కానీ చేతులు ఆగలేదు. చేతులు కొంగులో చుట్టుకోమన్నాను. ఆ పూట మా గదిలో సీసా ముందు మోక్ష, ఎదురుగా ఎర్రటి నోటితో, కొంగులో చేతులతో నంజమ్మగారు. మోక్ష సీసాను తిప్పింది, మూతను కొరికింది, నేలకేసి కొట్టింది. నంజమ్మగారి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నన్ను చూసిన చూపుకు నేను భస్మం కావాల్సింది. చివరికి మోక్ష సీసా ఎత్తి తెచ్చి నానమ్మ ఒళ్ళో పెట్టింది. పెట్టి, ఆవిడ మొహంలోకి చూసింది.

నంజమ్మగారు ఉన్న ఆకువక్కంతా గుటుక్కున మింగేశారు. ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఎక్కిళ్ళు పెడుతూనే మూత తీసి, ఎక్కిళ్ళు పెడుతూనే ఏడ్చారు. "నన్ను అడిగిందప్పా! నన్నే అడిగింది!" అని రైలెక్కేదాకా అంటూనే ఉన్నారు.

కనబడకుండా పోయే బొమ్మ

తర్వాత బొమ్మల కార్డులు మొదలుపెట్టాం. కావలసినదాని బొమ్మ తీసి ఎదుటివాళ్ళ చేతిలో పెట్టడం. పట్టీ మీద అంటించుకుని, అవసరమైనప్పుడు పీక్కునే కార్డులవి. ఏ ఇంట్లోనైనా ముందు వచ్చే భయం ఒకటే, బొమ్మలు అలవాటైతే ఇంక మాట రాదేమోనని. నేను చూసినంతలో కార్డు వల్ల మాట ఆగిపోయిన పిల్ల లేదు. ఏదో ఒక దారిన చెబితే జరుగుతుందని తెలిసిన పిల్లకు ఇంకా చెప్పాలనిపిస్తుంది, అంతే. మోక్ష నాన్న టాబ్లెట్ కూడా కొన్నాడు. అది ఎంతోమంది పిల్లలకు గొంతే. కానీ మోక్ష దాన్ని పట్టుకున్న మరుక్షణం వాషింగ్ మెషీన్లు తిరిగే వీడియోల్లోకి వెళ్ళిపోయింది. అందుకని దాన్ని తర్వాతకు ఉంచాం.

ఏ కార్డులు పెట్టాలన్నదాని మీద ఇంట్లో పెద్ద సభ జరిగిందట. బాబాయికి 'గుడ్ మార్నింగ్' కావాలి. నంజమ్మగారికి 'నమస్కారం' కావాలి. ఎదురింటివాళ్ళకు కూడా ఏదో కావాలి. ఇది కొత్తవాళ్ళు గట్టిగా గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్ళ ముచ్చట వేరు, పిల్ల అవసరం వేరు. వచ్చినవాళ్ళకు దణ్ణం పెట్టి పద్యం అప్పజెప్పే పిల్ల ఎవరికి కావాలో ఆలోచించండి. నేను ఇడ్లీ, నీళ్ళు, ఊయల, బయటికి, ఇలాంటివి కొన్ని పెట్టి, వాటితోపాటు 'చాలు' పెట్టాను. ఎదుటివాళ్ళకు చూపే అరచెయ్యి బొమ్మ.

మోక్షకు అన్నిటికంటే ముందు అదే నచ్చింది. నంజమ్మగారు రాగిముద్ద నేతిలో ముంచి తినిపిస్తారు. కడుపు నిండాక కూడా ముద్దలు వస్తూనే ఉంటాయి. ఒకరోజు మోక్ష అరవలేదు, చెయ్యి కొరుక్కోలేదు. అరచెయ్యి బొమ్మ పీకి నానమ్మ చేతిలో పెట్టింది. మర్నాడూ పెట్టింది. ఆ మర్నాడు సుమ ఫోన్ చేసి, "సార్, చాలు కార్డు కనబడలేదు" అంది. ఇంకొకటి చేసిచ్చాను. అదీ పోయింది. మళ్ళీ చేసిచ్చాను. పట్టీకి జిగురు బాగాలేదని కొట్టువాణ్ణి కూడా తిట్టి వచ్చాను.

ఆ వారం నంజమ్మగారు మా గదిలో సంచి విప్పి తమలపాకులు తీస్తుంటే వాటితోపాటు అరచేతులన్నీ నేలమీద పడ్డాయి.

ఆవిడ ఏమాత్రం తొణకలేదు. "అవునప్పా, నేనే తీసినా. బిడ్డ సరిగ్గా తినకుండా చాలు చాలు అంటే ఎట్ల? కావాలనేవి ఎన్నైనా పెట్టు. వద్దనేవి యాల?"

"అమ్మా, కావాలని చెప్పడమొకటే వచ్చి, వద్దని చెప్పడం రాకపోతే ఆ పిల్ల ఏం చెయ్యాల?"

"పెద్దోళ్ళకు వద్దు చెప్పేది ఇప్పట్నుంచే నేర్పిస్తావా? బాగుండాది నీ చదువు!"

నేను ఇంకో ఉపన్యాసానికి నోరు తెరిచాను. అప్పుడు అత్తగారి ముందు ఎన్నడూ పెదవి విప్పని సుమ మెల్లగా అంది. "అత్తా, ఆ కార్డు ఉండిన దినాల్లో పాప చెయ్యి కొరుక్కోలేదు. మీరు తీసినాక మళ్ళీ కొరుక్కుంటాండాది."

నంజమ్మగారు మోక్ష చెయ్యి తన చేతిలోకి తీసుకుని చూశారు. నల్లటి కాయ మీద కొత్త పంటి గాటు ఉంది. చాలాసేపు చూశారు. నేనూ ఊరుకున్నాను. తర్వాత నేల మీద పడిన కార్డొకటి ఏరి, కొంగుతో తుడిచి, తనే పట్టీకి అంటించారు. తలకిందులుగా అంటించారు, మేమెవరం సరిచేయలేదు.

పెళ్ళి

మోక్ష చివరికి మాట్లాడిందా అని మీరు అడుగుతారు, అందరూ అడుగుతారు. ఇప్పుడు కొన్ని మాటలున్నాయి, కార్డులున్నాయి, టాబ్లెట్టూ వచ్చి చేరింది. ఏది అందితే దాంతో పని జరుపుకుంటుంది. కానీ నేను చెప్పబోయేది అప్పటికింకా ఒక్క మాటా రాని రోజుల సంగతి.

నంజమ్మగారి చిన్న కూతురు చైత్రకు ఆనేకల్ సంబంధం కుదిరింది. వాళ్ళకు మోక్ష గురించి చెప్పలేదు. నిశ్చితార్థం రోజు పాపకు జ్వరమన్నారు. పెళ్ళికి కూడా జ్వరమే తీసుకురావాలని నిర్ణయం. పెళ్ళి జరిగే ఛత్రంలో మేడమీది గదిలో మోక్షను ఉంచి, పక్కింటావిడను కాపలా పెట్టి, బయట గడియ పెట్టాలనుకున్నారు.

సుమ నా ముందు ఏడ్చేసింది. "నా బిడ్డను గదిలో పెట్టి గడియ వేస్తే నేను పెళ్ళికి పోను సార్. పోకపోతే ఇంక ఆ ఇంట్లో నేను ఉండేదెట్ల?"

నంజమ్మగారిని అడిగాను. ఆవిడ కళ్ళెర్రజేశారు. "మీ ఇంట్లో ఇట్లాంటి బిడ్డ ఉండాది, రేపు మాకూ పుడితే ఎట్ల అంటారప్పా వాళ్ళు. నా కూతురు పెళ్ళి నిలిచిపోతే నువ్వొచ్చి చేస్తావా?"

ఆ భయం అబద్ధం కాదు. అలా నిలిచిపోయిన పెళ్ళిళ్ళు నాకు తెలుసు. పెద్ద మేడం అయితే కేకలు వేసి ఉండేది. నాకు కేకలు రాలేదు, ధైర్యమూ చాలలేదు. బతిమాలి ఒక ఒప్పందానికి తెచ్చాను. గడియ వేయకూడదు. సుమ పక్కనే ఉంటుంది. మోక్ష మేడమీది వరండాలోంచి పెళ్ళి చూస్తుంది, చాలు అంటే గదిలోకి పోతుంది. మగపెళ్ళివాళ్ళకు మాత్రం జ్వరమనే చెబుతారు. పిల్లను దాచే ఈ ఏర్పాటు నాకు నచ్చలేదు. ఒప్పుకున్నాను కూడా.

పెళ్ళి గోలకు అలవాటు కావాలని మా సెంటర్లో రిహార్సల్స్ చేశాం. సుమ స్టీలు పళ్ళెం వాయించేది. నేను భుజాన తువ్వాలు వేసుకుని పురోహితుణ్ణి. మంత్రాలు రావు కాబట్టి బస్టాపుల పేర్లు రాగం తీసేవాణ్ణి. "యశవంతపురాయ నమః, మల్లేశ్వరాయ నమః, కె.ఆర్.పురాయ నమః" అని బొమ్మ ఏనుగు మీద అక్షతలు వేస్తుండగా కొత్తగా పిల్లను చూపించడానికి వచ్చిన ఒక జంట తలుపు తీసి చూసి, అటునుంచటే వెళ్ళిపోయారు. మోక్ష మాత్రం చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని అన్నిటినీ ఓపిగ్గా భరించింది.

పెళ్ళికి నా భార్యతో కలిసి వెళ్ళాను. కింద మండపం, మధ్యలో అడ్డుతెర. తెరకు ఇటు చైత్ర, అటు పెళ్ళికొడుకు. మేళంవాళ్ళు చెవులు చిల్లులు పడేలా వాయిస్తున్నారు. మోక్ష పట్టుపావడ కట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లతో, నడుముకు కార్డుల పట్టీతో మేడమీద తల్లి పక్కన నిలబడి ఉంది. నేనూ, నా భార్యా కూడా అక్కడే ఉన్నాం. అంతా అనుకున్నట్టే సాగుతోంది.

ఇంతలో ఫోటోగ్రాఫరు పైనుంచి మండపం ఫోటో కావాలని మేడెక్కాడు. లైటు పట్టుకునే కుర్రాడు దాన్ని సరిగ్గా మోక్ష మొహం మీదికి తిప్పాడు. మోక్ష కళ్ళు మూసుకుంది. చెయ్యి నోటిదాకా వెళ్ళింది. ఆ చెయ్యి నోటి దగ్గర ఆగి, కిందికి దిగి, పట్టీ మీది కార్డు పీకి ఫోటోగ్రాఫరు చేతిలో పెట్టింది.

అతను చూశాడు. అరచెయ్యి. ఆడపెళ్ళివాళ్ళ పాప, మెడలో గొలుసులు, చేతిలో ఆజ్ఞ. పెద్దవాళ్ళెవరో పంపించారనుకున్నాడు. కిందికి వంగి, "ఆపండ్రా! ఇంటోళ్ళు ఆపమంటాండారు!" అని అరిచాడు. కింద లైట్లు ఆర్పేశారు. లైట్లు ఆరడం చూసి ఏదో అపశకునమనుకుని మేళం ఆగింది. మేళం ఆగేసరికి పురోహితుడు మంత్రం మధ్యలో ఆగాడు. ఛత్రమంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. తెర అవతలనుంచి పెళ్ళికొడుకు "ఏమైంది? ఏమైంది?" అంటున్నాడు, ఎవరూ చెప్పడం లేదు.

ఆ నిశ్శబ్దం మోక్షకు హాయిగా ఉన్నట్టుంది. హెడ్‌ఫోన్లు తీసి సుమ చేతికిచ్చి, గబగబా మెట్లు దిగింది. వెనక సుమ, సుమ వెనక మేము. మోక్ష నేరుగా మండపమెక్కి మేనత్త పక్కకు పోయింది. చైత్ర కంగారు పడలేదు. పట్టుచీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని పక్కన చోటు ఇచ్చింది. మోక్ష కూర్చుంది.

పెళ్ళికొడుకు తల్లి గౌరమ్మగారు తెర చుట్టూ తిరిగి వచ్చారు. "ఎవరు ఆపమనింది? ఈ పాప ఎవరు?" అన్నారు. ఫోటోగ్రాఫరు పరుగెత్తుకొచ్చి కార్డు చూపించాడు.

ఫోటోగ్రాఫరుదే పొరపాటని సర్దిచెబుదామని నేను నోరు తెరిచాను. నా భార్య వెనకనుంచి చొక్కా పట్టి లాగింది. మూసుకున్నాను.

నంజమ్మగారు లేచి నిలబడ్డారు. సుమను చూశారు, మోక్షను చూశారు.

"నా మనవరాలమ్మా. మా పెద్దోడి బిడ్డ. ఆటిజమని ఉండాది. మాట రాదు. ఈ బొమ్మలతోనే మాట్లాడతాది. ఆయప్ప లైటు కండ్లలో కొట్టినాడు, చాలు అనింది. అంతే."

"పాపకు జ్వరమంటిరే? నిశ్చితార్థంలోనూ జ్వరమే అంటిరి?"

"జ్వరం లేదు. అబద్ధం చెప్పినాను. మీరు సంబంధం వద్దంటారని భయపడినాను."

చైత్ర చేతిలోని జీలకర్రా బెల్లం కరిగి వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. గౌరమ్మగారు కార్డును అటూ ఇటూ తిప్పి చూశారు.

"ముందే చెప్పుంటే వద్దనే ఉంటిమేమో" అన్నారు చివరికి. "మా బుద్ధీ అంతేమ్మా. నేనెందుకు అబద్ధం చెప్పల్ల?"

అని, మోక్ష ముందు చతికిలబడ్డారు. "నీ పేరేమమ్మా? స్కూలుకు పోతాండావా? పావడ ఎవరు నేసినారు? ఏమన్నా తింటావా? ఆకలైతాండాదా?"

"అన్నీ ఒకేసారి అడగొద్దమ్మా" అని నంజమ్మగారు అడ్డుపడ్డారు. "ఒకటి అడిగి ఊరుకోండి. చెప్తాది. స్వల్ప టైము పడతాది."

గౌరమ్మగారు ఆలోచించి, "ఏం కావాల నీకు?" అని ఒక్కటే అడిగి ఊరుకున్నారు.

మోక్ష ఆవిడ మెడలో దండ చూసింది, తెర చూసింది, పైన తిరిగే ఫ్యాను చూసింది. పురోహితుడు గడియారం చూసుకుని "ముహూర్తం..." అన్నాడు. "సుమ్నే, గమ్మున ఉండండి సామీ" అన్నారు నంజమ్మగారు. చేతులు రెండూ గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఛత్రంలో అందరూ ఒక్క పిల్ల జవాబు కోసం ఆగారు. అంతమంది కలిసి ఊరుకోవడం నా ఉద్యోగంలో నేనెప్పుడూ చూడలేదు.

మోక్ష పట్టీ మీద వేలు నడిపి, ఒక కార్డు పీకి గౌరమ్మగారి చేతిలో పెట్టింది. ఇడ్లీ.

"పాపకు ఇడ్లీ తెండ్రా!" అని గౌరమ్మగారు కేక పెట్టారు. వంటవాళ్ళు పరుగెత్తారు. ఎవరో నవ్వారు, ఆ నవ్వు ఛత్రమంతా పాకింది. సుమ మండపం మెట్ల దగ్గరే కూలబడి ఏడుస్తుంటే చైత్ర పిలిచి తన వెనకే కూర్చోబెట్టుకుంది. లైట్లు దూరంగా, పక్కకు తిప్పి వెలిగించారు. మేళంవాళ్ళను మెల్లగా వాయించమన్నారు. మోక్ష అరిటాకు ముక్క ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికూతురి భుజానికి ఆనుకుని ఇడ్లీ తినసాగింది.

ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తి, దించి, నంజమ్మగారి దగ్గరికి వచ్చి మర్యాదగానే అడిగాడు. "అమ్మా, పాపను కొంచెం అవతలికి జరిపితే ఫోటో బాగా వస్తాది."

నంజమ్మగారు అతన్ని ఎగాదిగా చూశారు.

"పాప యాడికీ జరగదు. నువ్వు జరుగప్పా."

ఫోటోగ్రాఫరు జరిగాడు.